ఉద్యోగం మానేసి వరంగల్‌లో కారంపొడి మిల్లు పెట్టొచ్చా? నా సమాధానం

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు 31, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, చేతికి 72 వేలు. ఊరు నర్సంపేట దగ్గర, నాన్న ఏటా మిర్చి వేస్తారు. నువ్వు దాచుకున్నది 11 లక్షలు, నాన్న అర ఎకరం అమ్మి ఇస్తానన్నది ఏడు. ఈ 18 లక్షలతో వరంగల్ దగ్గర కారంపొడి మిల్లు పెట్టాలని ఉంది. రిస్క్ తీసుకునే ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది, జాబ్ ఎప్పుడు వదలాలి, వ్యాపారం చేసేవాళ్లు నిజంగా హ్యాపీగా ఉంటారా అని అడిగావు.

నేను 2001 నుంచి ఇదే లైన్లో ఉన్నాను. అప్పుడు ఒక పాత గిర్నీ, అంటే కారం ఆడించే చిన్న మర. ఇప్పుడు పొడి కొట్టే పెద్ద మిషన్లు (పల్వరైజర్లు) రెండు, ఒక ప్యాకింగ్ మిషను, తొమ్మిది మంది పనివాళ్లు. పెద్ద వ్యాపారమేమీ కాదు. మధ్యలో ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నాను, అదీ చెప్తాను.

ముందు ధైర్యం సంగతి. నాకు లేదు. మా నాన్న ఆజంజాహీ మిల్లులో పనిచేశాడు. నిజాం కాలంలో, 1934లో పెట్టిన మిల్లు అది. నా చిన్నప్పుడు మిల్లు నౌకరీ అంటే సర్కారు నౌకరీతో సమానం, పిల్లనిచ్చేవాళ్లు ఇంకేమీ అడిగేవాళ్లు కాదు. సైరన్ విని ఇంట్లో గడియారం సరిచేసుకునేవాళ్లం. ఆ మిల్లు ఒక్కరోజులో పోలేదు. ఒక షిఫ్టు తగ్గింది, తర్వాత జీతం తారీఖు దాటడం మొదలైంది, తర్వాత సెటిల్‌మెంట్ మాట వచ్చింది. నాన్న చేతికి లక్షా ముప్పై వేలు వచ్చేనాటికి నేను బీకాం పాసై ఖాళీగా తిరుగుతున్నాను. మా గల్లీలో ఒకాయన గిర్నీ అమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోతూ 40 వేలు చెప్పాడు. అమ్మ నలభై లెక్కపెట్టి ఇచ్చి, మిగతా తొంభై పోస్టాఫీసులో వేసింది. "ఇది ఉన్నదని మర్చిపో. అడిగితే అన్నం పెట్టను" అన్నది.

దీన్ని రిస్క్ అంటే నాకు నవ్వొస్తుంది. గిర్నీ నడవకపోతే పాత ఇనుము కింద తూకానికి అమ్మినా ఇరవై వేలు వస్తాయి. పోతే పోయేది ఇంకో ఇరవై వేలు, ఒక ఏడాది. అంతకు మించి పోకుండా అమ్మ ముందే గొళ్లెం పెట్టేసింది. బజారులో పాతికేళ్లు నిలబడ్డవాళ్లను చాలామందిని చూశాను, వాళ్లలో ఎక్కువమంది నాలాంటి పిరికివాళ్లే.

ధైర్యం చూడాలంటే ఫిబ్రవరిలో తెల్లవారుజామున వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు రా. మీ నాన్నతో చిన్నప్పుడు వచ్చే ఉంటావు, కానీ కొనేవాడి కళ్లతో చూసి ఉండవు. రాత్రంతా ట్రాక్టర్లు, ఆటో ట్రాలీలు వస్తూనే ఉంటాయి. బస్తాల వరసల మీదే దుప్పటి కప్పుకుని రైతులు పడుకుంటారు. పొద్దున మంచి సరుకున్న ఒక రాశి దగ్గర జెండా పాట పాడతారు, ఆ రోజుకు పైధర అదే. ఆ ధర పలికేది కొద్ది బస్తాలకే. మిగతా బస్తాల దగ్గర కొనేవాడు కాయ తీసి నలుపుతాడు, విత్తనం చప్పుడు వింటాడు, తేమ ఉందంటాడు, తాలు (తెల్లబారిన నాసి కాయ) కలిసిందంటాడు. రైతు చూపు మాత్రం ఆ వేళ్ల మీదే ఉంటుంది. ఎకరానికి లక్షకు పైగా పెట్టి, ఎనిమిది నెలలు చాకిరీ చేసి, ధర ఎంతో ఆ ఐదు నిమిషాల్లో తెలుసుకునే మనిషి అతను. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి పూత మొత్తం రాల్చేసిన ఏడాది గుర్తుండే ఉంటుంది. మీ ఇంట్లోనూ ఆ ఏడు పండగ సరిగా జరిగి ఉండదు. రిస్క్ అనే మాట ఆ మనిషికి సరిపోతుంది. నీడలో కూర్చుని తక్‌పట్టీ (అమ్మకం చీటీ) రాసే మాకూ, ఏసీలో కూర్చునే మీకూ ఆ మాట కాస్త పెద్దదే.

అయినా వ్యాపారంలో రిస్క్ ఉంది. అందరూ ఉద్యోగం వదిలే రోజే రిస్క్ అనుకుంటారు. ఆ రోజు మనిషి భయంతో ఉంటాడు, రూపాయి రూపాయి చూసుకుంటాడు, అందుకే పెద్దగా ఏమీ పోదు. అసలుది కొన్నేళ్ల తర్వాత వస్తుంది. గిరాకీ కుదిరి, బజారులో పేరొచ్చి, బ్యాంకు మేనేజర్ కుర్చీ చూపించి కూర్చోమన్నాక వస్తుంది.

నాకు మొదట అది ఉద్దెర (అరువు) రూపంలో వచ్చింది. హనుమకొండలో హాస్టళ్లు, మెస్సులు, కర్రీ పాయింట్లు ఎన్నో నీకు తెలుసు. ఒక హాస్టల్ ఆయన నెలకు రెండు క్వింటాళ్ల కారం తీసుకునేవాడు. మొదట చేతికి చెయ్యి, తర్వాత పదిహేను రోజులు, తర్వాత నెల. ఆయన తెలివిగా గడువు పెంచలేదు, నేను తెలివిగా తగ్గించలేదు. గిరాకీ పోతుందని నోరు మూసుకున్నాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టేసరికి ఆయన ఖాతాలో నాకు రావాల్సింది లక్షా ఎనభై వేలు. పిల్లలందరూ ఊళ్లకు వెళ్లిపోయారు, హాస్టల్ మూతపడింది. మోసం చేసే మనిషి కాదు, పాపం, ఎదురుపడితే తలొంచుకునేవాడు. చివరికి 30 వేలు నగదు, రెండు పెద్ద ఇత్తడి గంజులు ఇచ్చాడు. ఇప్పటికీ మా ఇంట్లో శుభకార్యమైతే ఆ గంజుల్లోనే పప్పు వండుతాం. మా ఆవిడ వాటికి "లక్షన్నర గంజులు" అని పేరు పెట్టింది.

చట్టం లేదా అంటావు. ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం చిన్న తయారీదారుకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి, లేదంటే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ తప్పకుండా చేయించుకో, ఖర్చు లేదు. కానీ కేసు పెడితే ఆ గిరాకీ మళ్లీ నీ మెట్లెక్కడు, పక్కనున్న ఇద్దరికీ చెప్తాడు. ఆ కాగితం పెద్ద కంపెనీలతో పనికొస్తుంది, గల్లీ చివర మెస్సుతో కాదు. మెస్సుతో పనికొచ్చేది ఒక్కటే: పాత బాకీ కట్టకుండా కొత్త బస్తా దించకపోవడం. నోటితో చెప్పడం తేలిక. నవ్వుతూ చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఇక గట్టి దెబ్బ. 2023లో మిర్చికి మంచి రోజులు. ఎనుమాములలో దేశీ రకం క్వింటాలు 80 వేలు దాటిందని పేపర్లలో రాశారు. అంతకు ముందు మిల్లు కోసమని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకున్న తేజ రకం మిర్చి కొంత మిగిలితే అమ్మాను, కూర్చున్నచోటే నాలుగు లక్షలు మిగిలింది. ఆ నాలుగు లక్షలు నా తెలివి ఖాతాలో రాసుకున్నాను. ఏడాదంతా పొడి కొట్టి, ప్యాకెట్లు మోసి, షాపుల చుట్టూ తిరిగితే మిగిలేదానికి దగ్గర దగ్గర అది.

2024 మార్చిలో మిల్లుకు అవసరమైన దానికన్నా మూడు వందల బస్తాలు ఎక్కువ కొన్నాను. సుమారు 120 క్వింటాళ్లు, క్వింటాలు 19 వేల చొప్పున. దాదాపు 23 లక్షలు. అందులో 15 లక్షలు స్టోరేజీ రసీదుల మీద బ్యాంకు అప్పు. సంక్రాంతి తర్వాత అమ్ముదామని లెక్క. పాత నిల్వలు అందరి దగ్గరా ఉన్నాయి, కొత్త పంట దిగింది, ఎగుమతి గిరాకీ మందగించింది, ధర జారడం మొదలైంది. బ్యాంకు నుంచి ఫోన్, సరుకు విలువ తగ్గింది కాబట్టి తేడా కట్టమని. అంటే ధర పడినప్పుడు ఆగే హక్కు కూడా నాకు లేదు. 2025 ఫిబ్రవరిలో పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ మిర్చికి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించి ఆదుకోవాల్సి వచ్చింది, అంతగా పడిపోయింది బజారు. నేను 13 వేల లెక్కన తెగనమ్ముకున్నాను. ధరలో పోయింది ఏడు లక్షల ఇరవై వేలు. మిత్తి, స్టోరేజీ కిరాయి, హమాలీ కలిపితే తొమ్మిది.

డబ్బు పోయినందుకన్నా ఇంకోటి బాధపెట్టింది. ఆ పది నెలలు మిల్లును పట్టించుకోలేదు. పొద్దున లేస్తే ఫోన్లో గుంటూరు ధర, ఖమ్మం ధర. జల్లెడ చిరిగి పొడి బరకగా వస్తుంటే మూడు వారాలు నాకు తెలియలేదు. పదిహేనేళ్ల నుంచి నా దగ్గరే కొనే ఒక కిరాణా ఆయన ప్యాకెట్ తెచ్చి గల్లా మీద పెట్టి, "ఇది నీ కారమేనా?" అని వెళ్లిపోయాడు. పొడి అమ్మడం నా వ్యాపారం. కాయ ఆపుకుని ధర కోసం చూడటం పందెం. రెండూ ఒకే గోదాములో ఉండేసరికి తేడా తెలియలేదు. మా అమ్మ పోస్టాఫీసు గొళ్లెం లాంటిది ఈసారి ఎవరూ పెట్టలేదు, పెట్టాల్సినవాణ్ని నేనే.

ఇప్పుడు నీ 18 లక్షల లెక్క. షెడ్డు, మిషన్లకు 12, సరుకుకు ఆరు అని రాశావు. ఇది తలకిందులుగా ఉంది. మిర్చి మార్కెట్‌కు వచ్చేది జనవరి నుంచి మే దాకా. కారం అమ్ముడయ్యేది పన్నెండు నెలలు. సీజన్లో కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోకపోతే వానాకాలంలో ఎక్కువ ధరకు కొనాలి. మామూలు గోదాములో పెడితే రంగు దిగుతుంది, బూజు పడుతుంది. కాబట్టి ఈ వ్యాపారంలో పెట్టుబడి తినేది కాయ, మిషను కాదు. మిషను మెరుస్తూ ఉండి కాయకు డబ్బుల్లేక ఆగస్టులో మూతపెట్టిన యూనిట్లు నేనే మూడు చూశాను. అందులో ఒకదాని పల్వరైజర్ ఇప్పుడు నా దగ్గరే ఉంది, సగం ధరకు కొన్నాను.

ఇంకో లెక్క కూడా రాసుకో. కాయ క్వింటాలు 14 వేలనుకుందాం. తొడిమె తీసి, ఆరబెట్టి, ఆడిస్తే చేతికొచ్చే పొడి తొంభై కిలోలకు అటూ ఇటూ. అంటే కాయ ఖర్చే కిలోకు 155 పడింది. తొడిమె తీసే ఆడవాళ్ల కూలి, కరెంటు, ప్యాకెట్, రవాణా, షాపు వాడి మార్జిన్ వేస్తే 190 దగ్గర తేలుతుంది. అదే రోజు బజారులో 150కి కారం దొరుకుతుంది. ఎలా అని నన్ను అడగకు. తొడిమెలతో సహా ఆడించేవాళ్లు, తాలు కాయ ఆడించి రంగు కలిపేవాళ్లు ఉన్నారు. మొదటి ఏడాది నిన్ను పట్టి లాగేది ఇదే. "కొంచెం తాలు కలిపితే ఏమవుతుంది" అని నీ పనివాడే చెప్తాడు, అతనికి అది తప్పుగా కూడా అనిపించదు. 190కి కొనే మనుషులు ఎవరో ముందు దొరకాలి. వాళ్లు దొరకకుండా షెడ్డు కట్టకు.

అందుకని ఉద్యోగం ఇప్పుడే వదలకు. వచ్చే సీజన్లో పది క్వింటాళ్లు కొను, లక్షన్నర లోపు అయిపోతుంది. మీ వైపే పండే చపాటా మిర్చి కొంచెం కలుపుకో. దానికి 2025లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతానికే చెందిన సరుకన్న ముద్ర, వచ్చింది. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ, పచ్చళ్లకు దాన్ని మించింది లేదు, హైదరాబాద్‌లో పేరు చెప్పి అమ్మొచ్చు. నీ మిషను వద్దు, కూలికి ఆడించే మిల్లులో ఆడించు. పక్కన నిలబడి ఆడించు. ఒకేసారి మెత్తగా కొడితే మిషను వేడికి పొడి నల్లబడుతుంది, రెండుసార్లుగా ఆడించాలి, మధ్యలో చల్లారనివ్వాలి. ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ ముందే తీసుకో. ఆ తొమ్మిది వందల కిలోలు నీ ఆఫీసులో, మీ అపార్ట్‌మెంట్‌లో, చుట్టాల్లో, రెండు మూడు షాపుల్లో అమ్మి చూడు. రెండోసారి వాళ్లంతట వాళ్లు ఫోన్ చేసి అడిగినవాళ్లనే లెక్కపెట్టు. మొహమాటానికి కొన్నవాళ్లు గిరాకీ కాదు. ఇలా రెండు సీజన్లు గడిచాక కూడా మనసు ఇటే లాగితే అప్పుడు రాజీనామా సంగతి. అప్పుడు కూడా ఎనిమిది నెలల ఇంటి ఖర్చు నీ భార్య ఖాతాలో వేసి, ఏటీఎం కార్డు ఆమెకే ఇచ్చెయ్.

లోన్ కావాలంటే జిల్లా పరిశ్రమల కేంద్రంలో పీఎంఈజీపీ (కేంద్రం వాళ్ల ఉపాధి కల్పన పథకం) గురించి అడుగు. 15 నుంచి 35 శాతం దాకా సబ్సిడీ ఉంది, ఊళ్లో పెడితే ఎక్కువ. కానీ ఆ డబ్బు నీ చేతికి రాదు. బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి తర్వాత లోన్లో సర్దుతారు. సబ్సిడీ వస్తుంది కదా అని పెద్ద మిషన్ కొనేవాళ్లు మొదటి ఏడాదే ఈఎంఐకి గిరిగిరి ఫైనాన్స్ (రోజువారీ వసూలు చేసే ఎక్కువ మిత్తి అప్పు) వాడి దగ్గరికి వెళ్తారు. అక్కడికి వెళ్లాక నా సలహా ఏమీ పనికిరాదు.

హ్యాపీగా ఉంటారా అని అడిగావు. ఏ ఏడాది సంగతి అన్నదాన్ని బట్టి ఉంటుంది. నా టర్నోవర్ బాగా పెరిగిన 2018, 19లలో నా అంత చిరాకు మనిషి వరంగల్‌లో లేడు. రెండు ఫోన్లు, ఒకటి మోగితే రెండోది ఎత్తేవాణ్ని. బీపీ గోళీ మొదలైంది అప్పుడే. మా అమ్మాయి స్కూల్లో బతుకమ్మ ఆడితే వీడియోలో చూశాను, అదీ వారం తర్వాత. ఆ రెండేళ్లలో ఎంత మిగిలిందని ఇప్పుడు లెక్క తీస్తే, అందులో సగం ఉద్దెర పుస్తకంలోనే ఉండిపోయింది.

పోయిన ఏడు ఒక పెద్ద షాపింగ్ చెయిన్ వాళ్లు పిలిచారు. నెలకు పదిహేను క్వింటాళ్లు. అరవై రోజుల తర్వాత డబ్బు, అమ్ముడుపోని ప్యాకెట్లు వాపసు, ఆఫర్ పెడితే ఆ తగ్గింపు నేనే భరించాలి. తొమ్మిది లక్షలు పోగొట్టుకోని పాత నేనైతే సంతకం పెట్టేవాణ్ని. వద్దని చెప్పి ఇంటికొచ్చి, భోంచేసి, మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోయాను. లేచాక మా ఆవిడ జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది.

ఇంకోటి చెప్పాలి. నా పాత గిర్నీని ఇంకా అమ్మలేదు. ఏడాదంతా దాని మీద గోనె పట్టా కప్పి ఉంటుంది, ఏప్రిల్, మేలో మాత్రం తీస్తాను. మామిడికాయ పచ్చళ్ల సీజన్. చుట్టుపక్కల కాలనీల ఆడవాళ్లు సొంత కాయ మూట కట్టుకుని వస్తారు. ముందు ఆడినవాళ్ల పొడి తమ దాంట్లో కలవొద్దని మిషను దులిపించి, మొదటి దోసెడు పక్కన పోయించి, అప్పుడు మొదలుపెట్టమంటారు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తుమ్ముతూనే, డబ్బాలో పడే పొడి మీంచి చూపు తిప్పరు. అయిపోగానే వేలితో కొంచెం నాలుక మీద వేసుకుని తల ఊపుతారు. ఒక పెద్దమ్మ ఇరవై ఏళ్ల నుంచి వస్తున్నది, ప్రతిసారీ పోయిన ఏటిదే బాగుందంటుంది. కరెంటు, మనిషి కూలి పోను ఆ రెండు నెలల్లో ఆ గిర్నీ మీద మిగిలేది చాయ్ ఖర్చు. దాన్ని నేనే నడుపుతాను, పనివాళ్లకు ఇవ్వను. రాత్రి ఇంటికెళ్తే నా చొక్కా ఎవరి బట్టలతోనూ కలపరు, బయట తీగ మీదే ఆరేస్తారు. కళ్లు మండుతూనే ఉంటాయి. ఆ రెండు నెలలు బీపీ మాత్రం సరిగ్గా ఉంటుంది, డాక్టరే అన్నాడు.

ఇది చదివి ఉద్యోగం చెడ్డదనుకోకు. నెల మొదటి తారీఖున 72 వేలు పడటం చిన్న విషయం కాదు, ఆ తారీఖున నేను తొమ్మిది మందికి జీతాలివ్వాలి. నీకు ఆదివారం వస్తుంది, నాకు వచ్చేది అమావాస్య. మా నాన్న మిల్లు లాగా నీ కంపెనీకి కూడా ఒక రోజు రావచ్చు, రాకపోవచ్చు. దానికి విరుగుడు ఇంకో ఆదాయం మెల్లగా తయారు చేసుకోవడం. రేపే రాజీనామా ఇచ్చి రావడం విరుగుడు కాదు.

చివరిగా ఆ అర ఎకరం. అమ్మించకు. నాన్న ఇస్తానన్నది నీ ప్రాజెక్ట్ రిపోర్ట్ చూసి కాదు, నువ్వు దగ్గరికి వస్తావని. నీకు ఆయన దగ్గర్నుంచి కావాల్సింది వేరే ఉంది. రైతు ఇళ్లలో పాత తక్‌పట్టీలు ఎక్కడో ఒక సంచిలో, బీరువా మీదో, పాస్‌బుక్కుల కిందో ఉంటాయి. ఏ తేదీన ఏ రకం ఎన్ని బస్తాలు, ఏ ధర, తరుగు ఎంత, హమాలీ ఎంత, చేతికి ఎంత వచ్చింది, అన్నీ వాటిలో ఉంటాయి. పదేళ్లవి దొరికితే నీ ఎక్సెల్‌లో ఎక్కించు. ఏ నెలలో కొనాలో, ధర ఎంత కిందికి పోగలదో ఏ కన్సల్టెంటూ అంత బాగా చెప్పడు. ఈసారి ఊరెళ్లినప్పుడు అడుగు, పక్కన కూర్చుని ఒక్కొక్కటి ఆయన చేతే చదివించు. 2022వి వచ్చినప్పుడు తొందరపెట్టకు.